నాలుగు జీబీ సరిపోతుందన్న కాగితం

ఉదయం 6.10కి జనగామలో బండి తీశాను. మరిపెడలో అక్క దుకాణం ముందు స్టాండు వేసేసరికి 8.35. బండి మీటరు ప్రకారం 84 కిలోమీటర్లు. వీపు మీది సంచిలో, మెరిసే కవరు లోపల, ఒక సన్నని పట్టీ ఉంది. పొడవు 133.35 మిల్లీమీటర్లు, ఎత్తు 31.25, కింది అంచున బంగారు పూత వేసిన కాళ్ళు 288. దాన్ని ర్యామ్ అంటారు. సామర్థ్యం నాలుగు జీబీ. ఆపరేటింగ్ సిస్టం తయారుచేసిన కంపెనీ తన కాగితంలో దాని అవసరం లేదని స్పష్టంగా రాసింది. అవసరం ఉంది గనుక నేను దాన్ని 84 కిలోమీటర్లు మోసుకుపోయాను.

నేను మూడు జిల్లాల్లో కంప్యూటర్లు బాగుచేస్తాను. ఇల్లు జనగామలో, పని మహబూబాబాద్, భూపాలపల్లి దాకా. ఉద్యోగానికి పెట్టిన పేరులో ఆరు పదాలున్నాయి, చేతికి ఇచ్చింది ఒక స్క్రూడ్రైవరు. మరిపెడలో ఉన్నది మా పెద్దనాయిన కూతురు. బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని తొమ్మిదేళ్ళుగా సేవా కేంద్రం నడుపుతోంది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, పింఛను, భూమి నకలు, పత్తి అమ్మకానికి కావలసిన నమోదు: ఒక మనిషి తాను ఉన్నానని పైవాళ్ళకు నిరూపించుకోవడానికి అవసరమైన కాగితాలన్నీ ఆ గదిలోని ఒకే ఒక్క కంప్యూటరు గుండా పోతాయి. ఆ కంప్యూటరుకు ఆ హక్కు ఇచ్చేది ఒక ఐడీ. ఐడీ ఉంటే అది కేంద్రం. లేకపోతే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్న గది.

వానాకాలం చివర్లో, ఆ ఐడీలను చూసుకునే ఏజెన్సీ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పాత ఆపరేటింగ్ సిస్టంను దాన్ని కన్నవాళ్ళే వదిలేస్తున్నారు గనుక కేంద్రాలన్నీ కొత్తదానికి మారాలి. దసరా వెళ్ళాక పరిశీలకుడు వస్తాడు. ఆయన ఎదుట అరగంటలో మూడు దరఖాస్తులు పూర్తిచేసి చూపాలి. చూపలేని కేంద్రం ఐడీ నిలిపివేస్తారు. పత్తి ఇళ్ళకు చేరే రోజుల్లో ఐడీ ఆగడం ఎలాంటిదో ఉత్తర్వు రాసినవారికి తెలిసి ఉండకపోవచ్చు. పత్తిని వారు చొక్కాగానే చూసి ఉంటారు. ఉత్తర్వు చివర, కంపెనీ కాగితంలోంచి దించుకున్న ఒక గడిలో ఇలా ఉంది: కావలసిన మెమొరీ, కనీసం 4 జీబీ. దాని పక్క గడిలో: మార్పుకు ఖర్చు, లేదు.

అక్క కంప్యూటర్లో సరిగ్గా నాలుగు జీబీలే ఉన్నాయి. ఎనిమిది ఉంటే మంచిదని ముందే చెప్పాను. ఆమె ఉత్తర్వును ఫోనులో ఫొటో తీసి నాకు పంపి, వెంటనే ఫోన్ చేసింది.

"కాయిదంల నాలుగు సాలుతదని ఉన్నది. నువ్వేమో ఎనిమిదంటవు. కాయిదం ఎక్కువనా, నువ్వు ఎక్కువనా?"

తొమ్మిదేళ్ళుగా కాగితాలతోనే బతుకుతున్న మనిషికి ఈ ప్రశ్నకు జవాబు ముందే తెలుసు. తెర మీద కనిపించిన మీట నొక్కింది. కొత్త సిస్టం ఒక పగలంతా తనంతట తాను దిగి, కూర్చుని, స్వాగతం చెప్పింది.

నాలుగో రోజున మళ్ళీ ఫోను.

"తమ్మీ, డబ్బ కాడి కింద ఎద్దు పండుకున్నట్టు పండుకున్నది. ఒక్క ఆదాయం కాయిదానికి ఇరవై నిమిషాలు. జనం నన్నే తిడుతున్నరు. పరేషాన్ అయితున్న."

జనగామలో కూర్చుని ఆమె తెరను నా తెర మీదికి తెచ్చుకుని లెక్క చూశాను. ఏ పనీ మొదలుపెట్టకముందే, ఖాళీగా కూర్చోవడానికే, కొత్త సిస్టం 2.6 జీబీ తీసుకుంటోంది. పాతది ఇదే ఖాళీతనానికి 1.7 తీసుకునేది. మిగిలిన దానిలో వైరస్ కాపలా, వేలిముద్ర యంత్రం, ప్రింటరు, సేవల పేజీ ఇరుక్కోవాలి. అన్నింటికీ కలిపి కావలసింది 5.3. ఇక ఆ 2.6లో ఎవరెవరున్నారో చూస్తే ఆశ్చర్యం కలిగింది. ఎవరూ అడగని వార్తలు ఉన్నాయి. అక్క ఎన్నడూ ఆడని ఆటల దుకాణం ఉంది. అడక్కుండానే సాయం చేస్తానని నిలబడ్డ ఒక సహాయకుడు ఉన్నాడు. మరిపెడలో వాన పడుతోందో లేదో చూపే చిన్న పెట్టె ఒకటి ఉంది. గుమ్మంలోంచి తల బయటికి పెడితే తెలిసే విషయాన్ని ఆ పెట్టె ఏదో ఖండం నుంచి తెప్పించి చెబుతోంది, అదీ తప్పుగా.

నేను డిప్లొమా చదివిన ల్యాబులో ఒక్కో యంత్రానికి 128 ఎంబీ ఉండేది. అందులో నలభై మందిమి చదువుకుని, కొందరం ఉద్యోగాలు కూడా తెచ్చుకున్నాం. అక్క దగ్గర ఉన్నది దానికి ముప్పై రెండింతలు. ఆనాటి యంత్రం మీద ఒక అర్జీ టైపు చేసి ముద్రించేవాళ్ళం. ఈనాటి యంత్రం మీద కూడా ఒక అర్జీ టైపు చేసి ముద్రిస్తున్నారు. మధ్యలో పెరిగిన ముప్పై ఒక్క వంతులు దేనికి ఖర్చవుతున్నాయో చెప్పగల పెద్దమనిషి ఇంతవరకు నాకు తారసపడలేదు.

ఇదంతా అక్కకు చెప్పాలి. జీబీల భాషలో చెబితే ఆమె ఫోను పక్కన పెట్టి ఇంకో పని చూసుకుంటుంది. అందుకని ఫోనులోనే, కేసముద్రం మార్కెట్ యార్డు మీదుగా మాట నడిపాను. మా పెద్దనాయిన ఏటా అక్కడికే ధాన్యం తెచ్చేవాడు. ఆమె చిన్నప్పుడు ఆ బస్తాల మీదే నిద్రపోయింది.

"అక్కా, యార్డుల షెడ్డు నిండితే ఏం చేస్తరు?"

"బయట రోడ్డు మీద పోస్తరు."

"కాంటా యాడుంటది?"

"షెడ్డులనే."

"మరి బయటి బస్తా కాంటా ఎక్కాల్నంటే?"

"లోపలిది ఒకటి బయటికి తియ్యాలె, బయటిది లోపలికి తేవాలె. హమాలోళ్ళు పొద్దంత మోస్తనే ఉంటరు. తూకం మాత్రం కాదు."

"గదే. షెడ్డు అంటే ర్యామ్. రోడ్డు అంటే హార్డ్ డిస్క్. నీ డబ్బ పండుకోలే అక్కా, పొద్దంత బస్తాలు మోస్తున్నది."

అక్క అంది: "అంటే నాలుగు జీబీల అది బతుకుతది, పని మాత్రం చెయ్యది. గంతేనా?"

"గంతే."

"గట్లనే రాయొచ్చు గద మల్ల కాయిదంల?"

కనీసం అన్న మాటకు ఇంతకంటె నిర్దుష్టమైన వ్యాఖ్యానం నేను సాంకేతిక గ్రంథాల్లో చూడలేదు. యంత్రం వెలుగుతుందని కంపెనీ హామీ ఇచ్చింది. వెలిగింది. వెలిగిన తరువాత మీరేదో పని చేసుకుంటారన్న ఆలోచన ఆ కాగితంలో ఎక్కడా లేదు.

జనగామలో నాకు తెలిసిన దుకాణంలో ర్యామ్ అడిగాను. రెండు నెలల కిందటి ధర మనసులో పెట్టుకుని వెళ్ళినవాడిని, దుకాణదారు చెప్పిన అంకె విని ఇంకోసారి అడిగాను.

"గింత ఎట్ల పెరిగిందన్నా?"

"యాడనో పెద్ద పెద్ద కంప్యూటర్లు తెలివి నేర్చుకుంటున్నయంటనే. ఉన్న ర్యాములన్నీ గవే కొంటున్నయంట. మనకు రానిస్తలేరు."

"నేర్చుకుని ఏం చేస్తయంట?"

"మనకు సాయం చేస్తయంట."

ఆ సాయం అక్క తెర మీద ఇప్పటికే నిలబడి చోటు తింటున్న సంగతి అతనికి చెప్పలేదు, ర్యామూ కొనలేదు. అది సాయపడటానికి ర్యామ్ కావాలి; ర్యామ్ అంతా దానికి నేర్పడానికి పోతోంది; కాబట్టి మరిపెడలో ఆదాయ ధ్రువీకరణకు ఇరవై నిమిషాలు. ప్రపంచం ఇంత పొందికగా నడవడం అరుదు.

ఆ వారమే డ్యూటీ మీద భూపాలపల్లి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ ఒక రిపేరు దుకాణంలో, విప్పేసిన యంత్రాలనుంచి తీసిన ర్యాములు గాజు సీసాలో బిస్కెట్ల మాదిరి నిలబెట్టి ఉంటాయి. బొగ్గు ఊరు కావడంతో ప్రతిదాని మీదా సన్నని నల్లపొర. ఒకటి ఎంచి, తుడిచి, అక్కడే పరీక్షించి, తొమ్మిది వందలకు తీసుకున్నాను. మొదట్లో చెప్పిన 133.35 మిల్లీమీటర్ల పట్టీ ఇదే.

మరిపెడలో దాన్ని బిగించడానికి ఆరు నిమిషాలు పట్టింది. పక్క రేకు విప్పడం, ఖాళీగా ఉన్న రెండో గాడిలో పట్టీ నిలబెట్టి రెండు కొసలా నొక్కడం, టక్కుమన్న శబ్దం, మళ్ళీ రేకు. కంప్యూటరు లేచింది. అన్ని పనులూ ఒకేసారి తెరిచి చూశాను. ఎనిమిదిలో 5.4 పోగా రెండున్నరకు పైగా మిగులు. ఆదాయ ధ్రువీకరణ నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చింది. అరగంటలో మూడు కాదు, ఆరు చేయవచ్చు. అక్క ప్రింటరులోంచి వెచ్చని కాగితం తీసి రెండు వైపులా తిప్పి చూసింది.

"గీ ఇంత పెద్ద డబ్బల, పని చేసేది గా రేకు ముక్కనా?"

"చాలావరకు అదే అక్కా. బయటిది ఉత్త రేకు. లోపల ఆ పట్టీ లేకుంటే అన్నీ ఉన్నా లేనట్టే."

ఆమె దీన్ని శ్రద్ధగా విన్నది. తన విద్యార్థి ఇంత శ్రద్ధగా వింటే ఏ గురువైనా సంతోషించాలి. నేనూ సంతోషించి, చాయ్ తాగి, జనగామకు వచ్చేశాను.

దసరా వచ్చింది. మా వైపు ఆ రోజున పనిముట్టు ఏదైనా దేవుడే. ట్రాక్టరుకు బంతిపూల దండ, ఆటోకు నిమ్మకాయలు, కుట్టు మిషనుకు బొట్టు, తూకం రాళ్ళకు పసుపు. సేవా కేంద్రాలలో కంప్యూటరు డబ్బాకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతారు. అక్క గత ఎనిమిది దసరాలకూ అదే చేసింది. డబ్బా రేకుకు అది మేలూ చేయలేదు, కీడూ చేయలేదు. కాని ఈసారి ఆమెకు శాస్త్రం తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"తమ్మీ, డబ్బ కూస్తున్నది. తెర మీద ఏం వస్తలేదు. ఆగి ఆగి కూస్తున్నది. ఎల్లుండి సారు వస్తడు."

మెమొరీ కనిపించనప్పుడు యంత్రం చేసే శబ్దం అది. మళ్ళీ 84 కిలోమీటర్లు. వెళ్ళేసరికి పక్క రేకు గోడకు ఆనించి ఉంది. లోపల, రెండు ర్యాముల మీదా, పైనుంచి కిందికి పసుపు పూసి, మధ్యలో వరసగా కుంకుమ బొట్లు. ఎనిమిది నల్లని చిప్పులకు ఎనిమిది బొట్లు, ఒక్కటీ గీత దాటలేదు. ఇంత పద్ధతిగా చేసిన పనిని నేను నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

"గిదేందక్కా?"

"నువ్వే గద తమ్మీ చెప్పినవు, పని చేసేది గదే, బయటిది ఉత్త రేకు అని. ఉత్త రేకుకు పూజ చేస్తే ఏం ఫలం?"

"ఎట్ల ఇప్పినవు?"

"నువ్వు ఎట్ల ఇప్పితివో చూసిన గద. ముందుగాల స్విచ్ బంద్ చేసిన. గంత తెలివి లేదా నాకు? రెండూ బయటికి తీసి, కడిగి, బొట్టు పెట్టి, మల్ల టక్కుమనేదాక నొక్కిన."

"కడిగి?"

"తడిగుడ్డతోని తుడిచిన. భూపాలపల్లి దానికి బొగ్గు మసి ఉన్నది."

"కొబ్బరికాయ?"

ఆమె డబ్బా ముందు గచ్చు మీద చూపించింది. కాయ కొట్టిన రాయి, తెరిచిన పక్కకు అడుగు దూరంలో ఉంది. నీళ్ళు చిందితే ఎక్కడ పడతాయో కొలవనవసరం లేదు. మదర్‌బోర్డు మీద ఎండిన చారలు ఉన్నాయి. హారతి ఇచ్చి స్విచ్ వేసిందట. మొదట కూత వచ్చిందట. శుభమే అనుకుందట.

గుమ్మంలో కూర్చుని ఉన్న ఒక అవ్వ, పింఛను కోసం రెండు రోజులుగా తిరుగుతున్న మనిషి, అడిగింది: "ఏమైంది బిడ్డా దానికి?"

"యాది పోయిందవ్వా," అంది అక్క.

"నా అసొంటిదే అన్నట్టు," అంది అవ్వ. "నాకెవరు బొట్టు పెట్టిండ్రు మరి?"

పట్టీలు తీసి, స్పిరిటుతో కడిగి, పెన్సిలు రబ్బరుతో ఒక్కోదాని 288 కాళ్ళనూ రెండు వైపులా రుద్దాను. గాడులను మెత్తని కుంచెతో ఊడ్చి ఆరబెట్టాను. పసుపు క్రిములను చంపుతుందని మన పెద్దలు చెప్పింది నిజమే కావచ్చు. విద్యుత్తు విషయంలో అంత విచక్షణ చూపలేదు. భూపాలపల్లి పట్టీ చనిపోయింది. అది ఉన్న రెండో గాడి మూలన ఒక కాలు నల్లబడి కరిగింది. పాత పట్టీ, మొదటి గాడి బతికాయి. అంటే కంప్యూటరు మళ్ళీ సరిగ్గా నాలుగు జీబీల దగ్గర నిలబడింది. కంపెనీ కాగితం ప్రకారం లోపమేమీ లేదు.

ఒకే గాడిలో ఎనిమిది జీబీ పట్టీ పెడితే చాలు. మహబూబాబాద్ 31 కిలోమీటర్లు. పోయాను. పండుగకు మూసిన దుకాణాలు మూసి ఉన్నాయి. తెరిచిన ఒక్కదానిలో ర్యామ్ ఖాళీ పెట్టె ఉంది. "వారమైతది అన్నా, అదీ వస్తే," అన్నారు. తిరిగి వచ్చి, చేయగలిగినది చేశాను. వార్తలు ఆపాను. ఆటల దుకాణం ఆపాను. వాతావరణం పెట్టె తీసేశాను. సహాయకుడిని నిద్రపుచ్చాను. 2.6 కాస్తా 2.1 అయింది. పరీక్షించి చూస్తే ఒక్కో దరఖాస్తుకు తొమ్మిదిన్నర నిమిషాలు. మూడింటికి ఇరవై ఎనిమిదిన్నర. అరగంటకు లోపలే. అక్క దేవుడికి దండం పెట్టబోయి, నా ముఖం చూసి చేతులు దించుకుంది.

నేను అక్కడే ఉండిపోయాను. పరిశీలకుడు చెప్పిన రోజున, చెప్పిన వేళకు వచ్చాడు. ముప్పై లోపు కుర్రాడు, మర్యాదస్థుడు. కుర్చీ తుడిస్తే వద్దన్నాడు. ఫోనులో గడియారం మొదలుపెట్టి టేబులు మీద పెట్టాడు.

మొదటి దరఖాస్తు తొమ్మిది నిమిషాలు. రెండోది మొదలవగానే యంత్రం ఎద్దు పండుకున్నట్టు పండుకుంది. నేను మెమొరీ లెక్క తెరిచి చూశాను. తెల్లవారుజామున కొత్త సిస్టం తనను తాను మెరుగుపరచుకుంది. మెరుగుపడే క్రమంలో, నేను ఆపినవాటినన్నింటినీ మళ్ళీ నిద్రలేపింది. వార్తలు వచ్చాయి. వాతావరణం వచ్చింది, చిరుజల్లులు అంటూ. బయట ఎండ మండుతోంది. రెండో దరఖాస్తుకు పద్నాలుగు నిమిషాలు. మూడోది అవ్వ పింఛను. వేలిముద్ర యంత్రం ఎర్రగా వెలిగి, అవ్వ వేలు దాని మీద ఉండగానే, తెర మధ్యకు సహాయకుడు వచ్చాడు. మీకు ఎలా సాయపడగలను అని ఇంగ్లీషులో అడిగాడు.

"నువ్వు జర పక్కకు జరుగు," అంది అక్క తెరతో. "గదే పెద్ద సాయం."

అతను జరగడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. అవ్వ కాగితం ప్రింటరులోంచి వచ్చేసరికి ఫోను గడియారం ముప్పై ఎనిమిది చూపుతోంది.

అక్క ఉత్తర్వు తీసి ఆయన ముందు పెట్టింది. "సార్, నాలుగు సాలుతదని మీరే రాసిండ్రు. నా దగ్గర నాలుగున్నయి. ఇంకేం కావాలె?"

ఆయన దాన్ని చదివాడు. ఫోను వైపు చూశాడు. "నిజమేనక్కా. కాయిదం ప్రకారం సరిపోయింది. టైమ్ ప్రకారం సరిపోలే. రెండు గడులూ ఉన్నయి, నేను రెండూ నింపాలె."

మొదటి గడిలో 'అర్హత ఉంది' అని, రెండో గడిలో 'సామర్థ్యం చాలదు' అని నింపాడు. రెండింటి కిందా అక్క సంతకం తీసుకున్నాడు. సాయంత్రానికి ఐడీ ఆగింది. పరిశీలకుడికి ఆ ఊరి మీద కోపం లేదు. పోతూ అవ్వకు చేయి పట్టి మెట్లు దింపాడు.

ఎనిమిది జీబీ పట్టీ దొరకడానికి, నేను మూడోసారి మరిపెడ పోయి బిగించడానికి, మళ్ళీ పరిశీలన జరిగి ఐడీ తెరుచుకోవడానికి పదిహేడు రోజులు పట్టింది. రెండో పరిశీలనలో మూడు దరఖాస్తులూ పదమూడు నిమిషాల్లో అయిపోయాయి. మిగిలిన పదిహేడు నిమిషాలు అందరం చాయ్ తాగాం. అప్పటికి పత్తి నమోదు వరుస ఊరికి అవతలి కొసన ఉన్న మరో కేంద్రం ముందుకు మారిపోయింది.

ఒక డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టంకు ఎంత మెమొరీ కావాలని ఇప్పుడు ఎవరైనా అడిగితే, కాగితంలో రాసినదానికి రెట్టింపు అని చెబుతాను. ఎందుకని అడిగితే, అక్క చేసిన లెక్క చూపిస్తాను. అది ఇది.

కొత్త ఆపరేటింగ్ సిస్టం: ఉచితం.
భూపాలపల్లి ర్యామ్, నాలుగు జీబీ: రూ. 900. చనిపోయింది.
జనగామ ర్యామ్, ఎనిమిది జీబీ: రూ. 4,750.
566 కిలోమీటర్లకు పెట్రోలు: రూ. 1,220.
కొబ్బరికాయ: రూ. 35.
ఐడీ ఆగిన పదిహేడు రోజులు, రోజుకు రూ. 650 చొప్పున: రూ. 11,050.
మొత్తం: రూ. 17,955.
మదర్‌బోర్డు మీద కాలిన గాడి: ఒకటి.
పాత నాలుగు జీబీ పట్టీ: పనిచేస్తుంది, పెట్టడానికి చోటు లేదు.
అవతలి కేంద్రానికి పోయి తిరిగి రానివాళ్ళు: రెండు తండాలు.